మెకానికల్ సీళ్ల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పంపు షాఫ్ట్ బయటికొచ్చే చోట ద్రవం కారకుండా ఆపే మెకానికల్ సీళ్ల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పుషర్, బెలోస్, బ్యాలెన్స్‌డ్, కార్ట్రిడ్జ్ అంటూ రకాలన్నీ వరసగా చెప్పుకుంటూ పోయావు. చెప్పింది నిజమే కానీ, జీడిమెట్లలో పంపు విప్పుకుని కూర్చున్న ఫిట్టర్ అది చదివి ఏ సీల్ వెయ్యాలో తేల్చుకోలేడు. పంపులో ఏం పారుతోంది, ఎంత వేడి, ఎంత ప్రెషర్, అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ముందు సీల్‌లో ఒకదానికొకటి ఆనుకుని ఉండే రెండు రింగుల ముఖాల్ని, అంటే ఫేసుల్ని చూపించు. ఒకటి షాఫ్ట్‌తో పాటు తిరుగుతుంది, రెండోది సీల్‌ను పంపుకు బిగించే గ్లాండ్ ప్లేటులో కదలకుండా ఉంటుంది. ఎక్కువగా ఒకటి కార్బన్, ఇంకోటి సిలికాన్ కార్బైడ్. వాటి మధ్య కంటికి కనపడనంత పల్చటి ద్రవపు పొర నిలుస్తుంది, ఫేసులు రాసుకుని కాలిపోకుండా కాపాడేది అదే. ఇది చెప్పాకే, పంపు ఖాళీగా తిరిగితే కొత్త సీల్ కూడా ఎందుకు పాడైపోతుందో పాఠకుడికి ఎక్కుతుంది.

మంచినీళ్ల పంపుకు రబ్బరు బెలోస్ (ముడతల తిత్తి) ఉన్న సింగిల్ సీల్ చాలు, దాని మీద పేజీలు ఖర్చుపెట్టకు. థర్మిక్ ఫ్లూయిడ్, అంటే వేడిని మోసుకెళ్లే నూనె, దాని దగ్గర ఆగి రాయి. అది 250 డిగ్రీలు దాటి తిరుగుతుంటుంది, విటాన్ రబ్బరుతో చేసిన ఓ-రింగ్ (సందు మూసే గుండ్రటి రింగు) 200 దాటాక గట్టిపడి పగుళ్లిస్తుంది, అందుకే అక్కడ మెటల్ బెలోస్, గ్రాఫైట్ రింగులు. బురద, ఇసుక కలిసిన ద్రవమైతే కార్బన్ ఆగదు, రెండు ఫేసులూ గట్టివే కావాలి, చిన్న చిన్న స్ప్రింగులైతే బురద పట్టి బిగుసుకుపోతాయి కూడా.

డబుల్ సీల్ గురించి మాత్రం తొందరపడకు. విషపూరిత సాల్వెంట్ అయితే రెండు సీళ్ల మధ్య శుభ్రమైన బారియర్ ద్రవాన్ని లోపలి ప్రెషర్ కంటే ఎక్కువ ప్రెషర్‌లో ఉంచుతారు. లోపలి సీల్ లీకైనా బారియరే సరుకులోకి పోతుంది, సరుకు బయటకు రాదు. మరి మందుల రియాక్టర్లో ఆ బారియర్ సరుకులో కలిసినా పర్వాలేనిదై ఉండాలి కదా, ఆ మాట నువ్వు రాయలేదు. ప్రెషర్ పెట్టని ఏర్పాటులో లీక్ దారి తిరగబడి, సరుకే బఫర్ ద్రవంలోకి వస్తుంది. ఈ రెండింటినీ కలిపేసి రాసేవాళ్లు చాలామంది, నువ్వు కలపకు.

ఓ-రింగుకు ఒక పేరా ఇవ్వు. ఈపీడీఎం రబ్బరు వేడినీళ్లకు బాగుంటుంది, నూనె తగిలితే ఉబ్బిపోతుంది. విటాన్ నూనెకు బాగుంటుంది, అసిటోన్‌లో అదే ఉబ్బుతుంది. రెండూ నల్లగానే కనపడితే స్టోర్‌లో కలిసిపోవడం ఎంతసేపు?

విప్పిన సీల్ ఫోటోలు కూడా పెట్టు. గట్టి ఫేసు మీద లోపలి అంచు నుంచి బయటి అంచుకు సన్నటి పగుళ్లుంటే అది ఎండిపోయి వేడెక్కిందని గుర్తు. అరిగిన గీత కార్బన్ వెడల్పు కంటే ఎక్కువుంటే షాఫ్ట్ ఊగుతోందేమో, అలైన్‌మెంట్, బేరింగులు చూడమను. కార్ట్రిడ్జ్, అంటే ముందే కూర్చి ఒకే ముక్కగా వచ్చే సీల్ దగ్గర, దాన్ని సరైన చోట పట్టి ఉంచే సెట్టింగ్ క్లిప్పుల సంగతి మర్చిపోకు: గ్లాండ్ బోల్టులు, స్లీవ్ స్క్రూలు బిగించాక, పంపు స్టార్ట్ చేసే ముందు వాటిని తప్పకుండా తీసెయ్యాలి. ఆ వాక్యాన్ని బోల్డ్‌లో పెట్టు.