యూపీడీడీటీఏలో మార్చిన రికార్డు ప్రోగ్రామ్‌కి పాతగానే కనిపిస్తుంటే

ఐబీఎం ఏఎస్/400 కంప్యూటర్‌లో యూపీడీడీటీఏ (ఫైల్‌లోని రికార్డుల్ని నేరుగా మార్చే కమాండ్)తో రికార్డు మార్చినా ప్రోగ్రామ్‌కి పాత విలువే కనిపిస్తోందని, మీ ఫైల్‌లో నెలకో మెంబర్ (డేటా ఉండే విడి భాగం) ఉందని అన్నారు కదా. మీరు మార్చింది వేరే మెంబర్‌లో. ఏఎస్/400లో యూపీడీడీటీఏ, మనం పేరు చెప్పకపోతే, మొదటి మెంబర్‌నే తెరుస్తుంది. ప్రోగ్రామ్ మాత్రం ఓవీఆర్‌డీబీఎఫ్ (ఏ ఫైల్, ఏ మెంబర్ తెరవాలో ప్రోగ్రామ్‌కి చెప్పే కమాండ్)తో ఈ నెల మెంబర్‌ని చదువుతూ ఉండి ఉంటుంది.

1. డీఎస్‌పీఎఫ్‌డీ (ఫైల్ వివరాలు చూపే కమాండ్)లో టైప్ *ఎంబీఆర్‌లిస్ట్ ఇచ్చి మెంబర్ల పేర్లు చూడండి.

2. యూపీడీడీటీఏ కొట్టగానే ఎంటర్ నొక్కేయకండి, ఎఫ్4 నొక్కండి, కమాండ్‌కి ఇవ్వాల్సిన వివరాల తెర వస్తుంది. చాలామంది వదిలేసేది ఇదే. మెంబర్ దగ్గర *ఫస్ట్ తీసేసి అసలు పేరు రాయండి. లైబ్రరీ (ఫైళ్లు ఉండే చోటు) పేరు కూడా మీరే ఇవ్వండి. *ఎల్ఐబీఎల్ (లైబ్రరీల లిస్టులో వరసగా వెతకమని) అని వదిలేస్తే, లిస్టులో టెస్ట్ లైబ్రరీ ముందుంటే అందులోని ఫైలే తెరుచుకుంటుంది.

3. పొరపాటున మారిన రికార్డుని మళ్లీ పాత విలువకి మార్చండి. ఇందులో అన్‌డూ లేదు.