అల్లుడికి, టేబుల్ మీద రెండు కీబోర్డులు చూశాక

ఏరా అల్లుడూ, నిన్న వీడియో కాల్లో నీ టేబుల్ చూశాను, రెండు కీబోర్డులు, రెండు మౌసులు, టీ గ్లాసు పెట్టుకోడానికి కూడా చోటు లేదు, ఆఫీస్ లాప్‌టాప్ చూడాల్సొచ్చినప్పుడల్లా మెడ పక్కకి తిప్పుకుని కూర్చుంటున్నావు. మెడనొప్పి అంటున్నాడని మీ అమ్మ అంటే ఎందుకా అనుకున్నా. ఒక కేవీఎం స్విచ్ కొనుక్కోరా. కీబోర్డు, మౌస్, మానిటర్ దానికి తగిలించి అక్కణ్ణుంచి రెండు మెషిన్లకీ కేబుళ్ళు లాగితే చాలు, బటన్ నొక్కగానే మూడూ కలిసి అటు మారిపోతాయి.

అలాగని చవగ్గా ఉంది కదా అని కనబడింది ఆర్డర్ పెట్టెయ్యకు. నీది ఫోర్‌కే మానిటర్, మానిటర్ కేబుల్ తగిలించే హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకం స్విచ్ అయితే ఫోర్‌కేలో 30 హెర్ట్జ్ దాటదు, అంటే స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి 30 సార్లే మారుతుంది, మౌస్ బాణం ఆగి ఆగి కదులుతుంటే సాయంత్రానికి కళ్ళు లాగేస్తాయి. 2.0 అని రాసుంటే 60 వస్తుంది, కేబుళ్ళు కూడా దానికి తగ్గవే కొను. ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉందో లేదో కూడా చూడు, అంటే మానిటర్ తగిలే ఉందని స్విచ్చే మెషిన్లకి చెప్తూ ఉండటం, అది లేకపోతే నువ్వు అటు మారగానే లాప్‌టాప్ ఏమో మానిటర్ పీకేశారనుకుంటుంది, తిరిగొచ్చేసరికి విండోలన్నీ చిన్న స్క్రీన్ మీద కుప్పపడి ఉంటాయి.

కీబోర్డుని కీబోర్డు బొమ్మ ఉన్న పోర్టులోనే పెట్టు, వేరేదాంట్లో పెడితే స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కి మారే షార్ట్‌కట్ చాలావాటిల్లో పనిచెయ్యదు. వెబ్‌క్యామ్, హెడ్‌సెట్ మాత్రం లాప్‌టాప్‌కే డైరెక్టుగా, లేదంటే మీటింగ్ మధ్యలో మారావంటే కట్ అయిపోతాయి.

స్విచ్ లేకుండా ఒకే కీబోర్డు, మౌస్‌తో రెండు మెషిన్లూ నడిపే మౌస్ వితౌట్ బోర్డర్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, మంచివే, కానీ వాటితో మానిటర్ పంచుకోలేవు, దేని స్క్రీన్ దానికుండాలి. పైగా నువ్వు కొట్టేదంతా నెట్‌వర్క్ మీద వెళ్తుంది కాబట్టి ఆఫీస్ లాప్‌టాప్‌లో ఐటీ వాళ్ళని అడక్కుండా వెయ్యకు.

అసలు నేనింత రాస్తున్నది దీనికోసం. నేను సర్వర్ రూమ్‌లో పనిచేసే రోజుల్లో ఎనిమిది మెషిన్లకి ఒకటే మానిటర్, లావుపాటి వీజీఏ కేబుళ్ళు, ఏది చూసినా అదే నల్ల స్క్రీన్, అదే తెల్ల అక్షరాలు. ఒకరోజు టెస్ట్ మెషినే అనుకుని రీస్టార్ట్ కొట్టా, ఎంటర్ మీద నుంచి వేలు తీశాక పైన పేరు చూస్తే బిల్లింగ్ సర్వర్. బయట కౌంటర్ల దగ్గర జనం లైన్లో నిలబడిపోయారు, అది మళ్ళీ పైకొచ్చేదాకా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి. మర్నాడే ప్రతి మెషిన్‌కీ ప్రాంప్ట్, అదే కమాండ్ కొట్టే చోట ముందు కనబడే అక్షరాలు, దాని రంగు మార్చేశా, ముఖ్యమైనవాటికి ఎరుపు, ఎంటర్ కొట్టేముందు పేరు పైకి చదవడం అలవాటు చేసుకున్నా, ఇప్పటికీ చదువుతా. నువ్వూ ముందు రెండిటికీ వాల్‌పేపర్లు వేరే రంగుల్లో పెట్టు, ఆఫీసుది ముదురు ఎరుపు పెట్టుకో, ఆ తర్వాతే స్విచ్ తగిలించు.

డబ్బా వచ్చాక సీలు తియ్యకుండా దాని మీద రాసున్నది ఫోటో తీసి పంపు, చూసి చెప్తా.