అప్పు లేకుండా ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవచ్చా?

ప్రశ్న: విశాఖపట్నంలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. చేతికి వచ్చే జీతం 36,000 రూపాయలు. అద్దెతో కలిపి ఖర్చులు 29,000, రికరింగ్ డిపాజిట్ 3,000 పోగా నెలకు 4,000 మిగులుతాయి. అత్యవసరానికని బ్యాంకులో 70,000 ఉంచాను. ఉప్పునీటి అక్వేరియం కోసం విడిగా 20,000 దాచుకున్నాను. దుకాణంవారు మూడడుగుల ట్యాంకుకు నీటిని చల్లబరిచే చిల్లర్, నీటిలోని మలినాలను తీసేసే స్కిమ్మర్‌తో సహా 62,000 చెప్పి, తక్కువ పడిన 42,000 క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీతో 24 వాయిదాల్లో కట్టమంటున్నారు. దాచుకున్న దాంట్లోంచి 2,000 అడ్వాన్సు ఇచ్చాను. విడి సామాను ధరల జాబితా జతచేశాను. నీళ్లు సముద్రం నుంచే తెచ్చుకుంటే ఖర్చు తగ్గుతుందా?

జవాబు: అక్వేరియం పెట్టుకోండి, ఈ కొటేషన్ మాత్రం వదిలేయండి. అడ్వాన్సు పోను మీ దగ్గరున్న 18,000తో రెండడుగుల ట్యాంకు మొదలుపెట్టి, మిగతా సామాను నెలనెలా మిగిలే డబ్బుతో సమకూర్చుకోవచ్చు.

ముందు వాయిదా లెక్క చూద్దాం. 42,000కు 16 శాతం వడ్డీ చొప్పున 24 నెలల వాయిదా సుమారు 2,057 రూపాయలు అవుతుంది. రెండేళ్లలో వడ్డీ దాదాపు 7,360, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 1,325, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరు. ఇంతకంటే పెద్ద ఇబ్బంది నెలవారీ ఖర్చులో ఉంది. మూడడుగుల ట్యాంకుకు ఉప్పు, నీళ్లు, మేత, పరీక్షా ద్రావణాలు, చిల్లర్ వాడే కరెంటు కలిపితే మీ జాబితా ధరల ప్రకారమే నెలకు 2,000 దాటుతుంది. వాయిదా, నిర్వహణ రెండూ కలిస్తే మీకు మిగిలే 4,000 పూర్తిగా అక్కడికే పోతుంది, ఆ నెల ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మీరు చెయ్యి పెట్టాల్సింది ఆ 70,000లోనే. అది ఇప్పటికే మీ రెండున్నర నెలల ఖర్చులకు మించి లేదు కనుక, కనీసం మూడు నెలల మొత్తం అయ్యేదాకా దాన్ని పెంచడమే తప్ప తగ్గించడం నేను ఒప్పుకోను.

ఉప్పునీటి ట్యాంకుకు అన్నీ ఒకేసారి కొనవలసిన అవసరం లేదు. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, అంతవరకు ట్యాంకులో చేప ఉండకూడదు. చిటికెడు చేపల మేత వేసి కుళ్లనిస్తే అమ్మోనియా పుడుతుంది. అది పెరిగి తగ్గాక నైట్రైట్ పెరిగి తగ్గుతుంది, రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపించిన రోజున ట్యాంకు సిద్ధమైనట్టు. ఈ ఆరు వారాల్లో దీపం కూడా అక్కర్లేదు, పైగా వెలుగు లేకపోతే నాచు తగ్గుతుంది. జీవులు కోరే ఈ నిరీక్షణే మీకు వడ్డీ లేని వాయిదా అనుకోండి.

మీ జాబితా ప్రకారం మొదటి నెల కొనవలసినవి ఇవి: పాత రెండడుగుల ట్యాంకు స్టాండుతో 5,000, ఫిల్టరు పంపు, అలల పంపు కలిపి 2,500, కృత్రిమ రాళ్లు, ఇసుక 4,000, సముద్రపు అక్వేరియాలకు అమ్మే ప్రత్యేక ఉప్పు నాలుగు కిలోలు 1,200, నీటి ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు 1,500, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ పరీక్షల కిట్లు 2,000. మొత్తం 16,200. రెండో నెల మిగులులోంచి 3,000 పెట్టి ఎల్ఈడీ దీపం, మూడో నెలలో 1,000 పెట్టి ఒక జత క్లౌన్ చేపలు. హేచరీలో పుట్టిన వాటినే అడగండి. వాటిని పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే అభివృద్ధి చేసింది, అవి మేతకు త్వరగా అలవాటుపడతాయి. మా ఇంట్లోని రెండడుగుల ట్యాంకుకు మొదట్లో ఒక దుకాణంలో నీలం రంగు టాంగ్ చేపను అంటగట్టారు. అది అడుగు దాకా పెరిగే చేపనీ, మా ట్యాంకులో తిరగడానికే చాలదనీ కొన్నాక తెలిసింది. మీరు కొనే ప్రతి చేపకూ పెద్దయ్యాక ఎంత పొడవు ఉంటుందో ముందే తెలుసుకోండి.

రాళ్ల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పగడాలూ సముద్ర గుర్రాలూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందినవి. ఎవరైనా చవకగా పగడపు రాయి ఇస్తామంటే తీసుకోవద్దు. కేసు అయితే ఆ ఖర్చుకు ఏ బడ్జెట్టూ చాలదు, అంతకుమించి ఆ పగడం ఉండవలసింది సముద్రంలో.

ఇక నెలవారీ ఖర్చు. ట్యాంకులో నిలిచే నీరు సుమారు 75 లీటర్లు, లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు. వారానికి 10 లీటర్లు మారిస్తే నెలకు కిలోన్నర ఉప్పు, కిలో 300 చొప్పున 450. మారే నీటికీ, రోజూ లీటరు దాకా ఆవిరయ్యే దానికీ కలిపి నాలుగు వాటర్ టిన్నులు, 80. 20 వాట్ల పంపులు రోజంతా, 30 వాట్ల దీపం 8 గంటలు నడిస్తే నెలకు 22 యూనిట్లు, యూనిట్ 7 అనుకున్నా 154. మేత, ద్రావణాలు 350. అంతా కలిపి వెయ్యి పైచిలుకు. నెలకు 1,200 దీనికి కేటాయించి, మిగిలిన 2,800లో 2,000 అత్యవసర నిధికి మళ్లించండి, 800 ట్యాంకు పేరుతో విడిగా పోగుచేయండి. దీపం, చేపలు కొనే ఆ రెండు నెలల్లో ఈ మళ్లింపు తగ్గినా పరవాలేదు. పంపు కాలిపోయినా, అద్దె ఇల్లు మారవలసి వచ్చినా ఆ విడి డబ్బే ఆదుకుంటుంది. నీళ్లతో కలిపి ట్యాంకు బరువు 100 కిలోలు దాటుతుంది కనుక ఇల్లు మారడమంటే దాన్ని ఖాళీ చేసి మళ్లీ నిలబెట్టడమే. ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పు కాదు కాబట్టి రోజూ పోసేది మంచినీరే ఉండాలి. టిన్ను నీటి టీడీఎస్, అంటే అందులో కరిగిన ఖనిజాల మోతాదు, ఒకసారి కొలిపించుకోండి, కొన్ని ప్లాంట్లవారు ఖనిజాలు కలుపుతారు.

సముద్రపు నీటి గురించి అడిగారు. వద్దు. నగరపు మురుగు కాలువలు కలిసే తీరంలోంచి బిందెతో తెచ్చిన నీటిలో ఏమి కలిసిందో ఇంట్లో తేల్చుకోలేరు. పైగా వానలు, నదుల వరదల తర్వాత మన వైపు బంగాళాఖాతం పై నీటిలో ఉప్పదనం తగ్గిపోతుంది. రిఫ్రాక్టోమీటరు గాజు మీద ఒక బొట్టు వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే పైన నీలం, కింద తెలుపు, మధ్యలో సన్నని గీత కనిపిస్తుంది. ఆ గీత సాపేక్ష సాంద్రత కొలతలో 1.025 దగ్గర స్థిరంగా నిలవడమే మీ చేపలకు కావలసింది. తీరం నీటితో అది నెలకో చోట ఉంటుంది. నెలకు 450 ఆదా చేయబోయి ట్యాంకు మొత్తాన్ని పణంగా పెట్టినట్టవుతుంది.

చిల్లర్ లేకుండా విశాఖ ఎండాకాలం గడుస్తుందా అని మీకు సందేహం వస్తుంది. నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిది, క్లౌన్ చేపలు మరో డిగ్రీ రెండు డిగ్రీలు తట్టుకుంటాయి. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను పెడితే కొంత చల్లబడుతుంది, కానీ తీరప్రాంతపు ఉక్కలో ఆ ఫలితం తక్కువే. అందుకే ట్యాంకును ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, ఎండ పడని గోడకు పెట్టండి, వానలు తగ్గాక మొదలుపెట్టండి. వేసవి వచ్చేసరికి ట్యాంకు కుదుటపడి ఉంటుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి మొదటి ఏడాదిలోనే కొనుక్కోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత నగరం ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పాత ట్యాంకు కొనేటప్పుడు చేపల జబ్బులకు రాగి మందు వాడారా అని అడగండి. ఆ అవశేషం తర్వాత పెట్టే రొయ్యలను, నత్తలను చంపుతుంది. ట్యాంకును ఒక రోజు నీళ్లతో నింపి మూలలు తడి కాలేదని చూశాకే డబ్బు ఇవ్వండి. పరీక్షా కిట్లు మాత్రం కొత్తవే కొనాలి, వాటికి గడువు తేదీ ఉంటుంది.

మీరిచ్చిన 2,000 అడ్వాన్సు తిరిగి ఇస్తారేమో మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే అదే దుకాణంలో రిఫ్రాక్టోమీటరు, రెండు కిలోల ఉప్పు తీసుకుని, పైన పడే 100 చెల్లించి, 62,000 ఆర్డరు రద్దయినట్టు బిల్లు మీద రాయించుకోండి.