ఎయిర్‌పోర్టును ఇక్కడే పెంచకూడదా?

ప్రశ్న: మాది గాజువాక. ఇప్పుడున్న విశాఖ ఎయిర్‌పోర్టుకి ఆటోలో వెళ్లిపోతాం. దాన్నే పెద్దది చేయకుండా, అంత దూరాన భోగాపురంలో కొత్తది ఎందుకండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నేను ఆ ఎయిర్‌పోర్టులోనే గ్రౌండ్ స్టాఫ్‌గా చేసి రిటైరయ్యాను. దగ్గరుంటే ఎంత హాయో నాకూ తెలుసు. కానీ అక్కడి రన్‌వే నేవీది. ఐఎన్‌ఎస్ డేగా అనే నౌకాదళ స్థావరంలో ప్రయాణికుల విమానాలకు కొంత చోటు ఇచ్చారంతే. వాళ్ల విమానాలు ఎగిరే వేళల్లో మనకు స్లాట్లు, అంటే దిగడానికి, ఎగరడానికి ఇచ్చే టైములు, దొరకడం కష్టం. టెర్మినల్ ఎంత పెంచినా ఆ టైము పెరగదు కదా!

ప్రయాణికుల విమానాలు వాడేది ఒక్క రన్‌వే. ఒక విమానం బయల్దేరడం లేటయితే దాని బే, అంటే అది నిలిపిన చోటు, ఖాళీ అవదు. ఈలోగా ఇంకోటి దిగిపోయేది. అప్పటికప్పుడు బే మారిస్తే, నిచ్చెన, సామాన్ల ట్రాలీలు లాక్కుని మేం అటు పరుగెత్తేవాళ్లం. లోపల ప్రయాణికులకు టెన్షన్, బయట మాకు టెన్షన్. పైగా చుట్టూ కొండలు, ఊరు. పక్కకు జరగడానికి చోటేది?

భోగాపురంలో జీఎంఆర్ కంపెనీ కడుతున్న దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. రన్‌వే 3,800 మీటర్లు, ఇక్కడిది 3,050. మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మందికి సరిపోతుంది.

దూరం గురించి మీ బెంగ మాత్రం న్యాయమైనదే. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ ట్రాఫిక్ దాటి వెళ్లాలి. గాజువాక నుంచి నేరుగా, తెల్లవారుజామున కూడా బస్సులు నడపాలని మీ కాలనీవాళ్లంతా కలిసి ఆర్టీసీకి ఇప్పుడే అర్జీ పెట్టండి.