అప్పుడే పుట్టిన మేకపిల్లకు మొదటి రోజు ఏం చేయాలి?

బొబ్బిలి దగ్గర నాలుగు మేకలు పెంచుకుంటున్న రైతు ఒకరు ఈ ప్రశ్న అడిగారు. అన్నిటికంటే ముఖ్యమైనవి ముర్రుపాలు. మాయ పడేదాకా పాలు తాగనివ్వకూడదని కొందరు పిల్లను ఆపుతారు కానీ, అది పొరపాటు. ఎందుకంటే గర్భంలో ఉండగా తల్లి నుంచి పిల్లకు రోగనిరోధక శక్తి అందదు, ముర్రుపాల నుంచి దానిని గ్రహించే గుణం పేగులకు గంటగంటకూ తగ్గి, ఒక రోజులో దాదాపు పోతుంది. కనుక మొదటి గంటలోనే తాగించడం మొదలుపెట్టి, 2 కిలోల పిల్లకు 24 గంటల్లో సుమారు 200 మిల్లీలీటర్లు నాలుగైదు విడతలుగా అందేలా చూడాలి. అంతకుముందే ముక్కు, నోటిలోని జిగురు తుడిచి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయాలి. పుష్యమాసపు చలిలో ఈనితే గాలి తగలకుండా గోనెపట్టా కట్టి, పొడి గడ్డి మీద ఉంచాలి. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలే పిల్లకు ముందు ఒంటికి వేడి తెప్పించి, ఆ తర్వాతే పాలు పట్టాలి.