కొండ దిగేటప్పుడు కాళ్లు ఎందుకు వణుకుతాయి?

ప్రశ్న: నా వయసు 48 సంవత్సరాలు. ప్రతి ఉదయం 6 కిలోమీటర్లు గంటా పావులో నడుస్తాను. ఈ మధ్య మా అమ్మాయితో కలిసి ఒక రాతి కొండ శిఖరానికి వెళ్లాను. పైకి 6 కిలోమీటర్ల దారి, ఎక్కవలసిన ఎత్తు 900 మీటర్లు. రెండు గంటల్లో చేరుకుంటామనుకుంటే నాలుగు గంటలు దాటింది. శిఖరం మీద నిలబడి చుట్టూ చూసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ మనసులో ఉంది. కానీ దిగేటప్పుడు తొడలు వణకసాగాయి. తడి లేని రాతి పలకల మీద కూడా రెండుసార్లు జారిపడ్డాను. ఎక్కేటప్పుడు రాని ఇబ్బంది దిగేటప్పుడు ఎందుకు వచ్చింది? మళ్లీ వెళ్లాలని ఉంది. ఎలా సిద్ధపడాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ నడకలో లోపమేమీ లేదని చెప్పాలి. కొండదారిని కిలోమీటర్లలో కొలవడం వల్లనే మీ అంచనా తప్పింది. స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో ఒక సులువైన లెక్క చెప్పాడు; దాన్ని ఈనాటి కొలతల్లో చెప్పుకుంటే, దూరానికి ప్రతి 5 కిలోమీటర్లకూ ఒక గంట, ఎక్కే ఎత్తుకు ప్రతి 600 మీటర్లకూ మరొక గంట కలుపుకోవాలి. ఆ ప్రకారం మీ దారికి దూరం కింద గంటా పన్నెండు నిమిషాలు, ఎత్తు కింద గంటన్నర, మొత్తం రెండు గంటల నలభై రెండు నిమిషాలు పడుతుంది. అయితే ఇది అలవాటు పడినవారు మంచి దారిలో ఆగకుండా నడిస్తే పట్టే సమయం. బండల మీద చేతులు ఆనించి ఎక్కవలసిన చోట్లు, విశ్రాంతి తీసుకునే నిమిషాలు కలిపితే, కొత్తవారికి అందులో మరో సగం అదనంగా పట్టడం మామూలే. కాబట్టి మీ నాలుగు గంటలు చక్కని నడకే.

ఇక మీ అసలు ప్రశ్నకు వద్దాం. ఎక్కేటప్పుడు తొడ ముందుభాగపు కండరాలు ముడుచుకుంటూ శరీరాన్ని పైకి లేపుతాయి. అది గుండెకూ ఊపిరితిత్తులకూ పెద్ద పని గనుక ఆయాసం వస్తుంది, ఆయాసం వస్తే మనమే ఆగుతాం. దిగేటప్పుడు అవే కండరాలు సాగుతూ, బరువును ఆపుతూ పనిచేయాలి. అడుగడుగునా శరీరం కిందికి పడబోతుంటే తొడ కండరం బ్రేకులా దాన్ని పట్టి నిలుపుతుంది. ఇలా సాగుతూ బరువు మోసినప్పుడు కండరపు పోగులకు సూక్ష్మమైన గాయాలవుతాయి. ఆయాసం లేకపోవడం వల్ల ఆ అలసట మనకు ముందుగా తెలియదు. తెలిసేసరికి కాళ్లు వణుకుతుంటాయి. ఒకటి రెండు రోజుల తరువాత మెట్లు దిగలేనంతగా వచ్చే నొప్పి కూడా దీని ఫలితమే. చాలామంది అనుకుంటున్నట్లు అది కండరాల్లో పేరుకున్న ఆమ్లం వల్ల వచ్చేది కాదు.

సమతల నేల మీద ఎన్ని కిలోమీటర్లు నడిచినా ఈ పని అలవాటు కాదు. దిగడానికి సాధన దిగడమే. వారానికి రెండుసార్లు మెట్లు ఎక్కి, దిగేటప్పుడు ఒక్కొక్క మెట్టునూ నెమ్మదిగా, మడమ దబ్బున తగలకుండా దిగండి. మొదట పది నిమిషాలు చాలు, తరువాత క్రమంగా పెంచుకోవచ్చు. సంతోషించదగిన విషయమేమిటంటే, ఒకసారి ఇలాంటి శ్రమకు గురైన కండరం కొన్ని వారాలపాటు అదే శ్రమను చాలా తక్కువ నొప్పితో తట్టుకుంటుంది. అందువల్ల పెద్ద కొండకు రెండు మూడు వారాల ముందు ఒక చిన్న గుట్ట ఎక్కి దిగి రావడం మంచిది. మోకాలిలో ఇప్పటికే నొప్పీ వాపూ ఉన్నవారు మాత్రం ముందు వైద్యుణ్ని సంప్రదించాలి.

పొడి రాతి మీద జారడానికి కాళ్ల అలసట ఒక కారణమైతే, భయం రెండో కారణం. వాలు చూసి భయపడినప్పుడు మనం తెలియకుండానే నడుము వెనక్కి వాల్చి, కూర్చోబోయేవారిలా అడుగు వేస్తాం. అప్పుడు బరువు పాదాల వెనక్కి పోతుంది, మడమ ఒక్కటే రాతిని ముందుకు నెడుతుంది, కాలు జారుతుంది. దీనికి విరుగుడు మనసుకు ఎదురుతిరిగినట్లు అనిపిస్తుంది గానీ నిజంగా పనిచేస్తుంది: మోకాళ్లు కొద్దిగా వంచి, ఛాతీని కాస్త ముందుకు ఉంచి, బరువంతా పాదాల మీదికి తెచ్చి, అరికాలు పూర్తిగా రాతికి ఆనేలా చిన్న చిన్న అడుగులు వేయాలి. చేతులతో పట్టుకొని దిగవలసినంత నిటారుగా ఉన్నచోట రాతివైపు తిరిగి, రెండు కాళ్లూ రెండు చేతుల్లో ఎప్పుడూ మూడింటికి పట్టు ఉండేలా ఒక్కొక్కటే కదపండి. నల్లగానో పచ్చగానో పాచి పట్టిన రాయి వాన పడ్డాక ఎలాంటి బూటుకూ లొంగదు. చుట్టూ తిరిగి వెళ్లడమే మేలు. వదులు రాళ్ల వాలులో ఒకరి నెత్తిమీద ఒకరు ఉండేలా నడవకండి. మీ కాలి కింది రాయి దొర్లితే వెంటనే గట్టిగా అరిచి కిందివారిని హెచ్చరించండి.

రెండు ఊతకర్రలు మోకాళ్ల మీది భారాన్ని తగ్గిస్తాయి. దిగేటప్పుడు వాటి పొడవు కొంచెం పెంచుకోండి. చేతులు వాడవలసిన బండల దగ్గర మడిచి సంచిలో పెట్టుకోండి. శిఖరం మీదనే బూట్ల లేసులు విప్పి, మడమ వెనక్కి ఆనించి చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టుకుంటే, వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకొని గోళ్లు నల్లబడవు. అన్నిటికంటే ముఖ్యంగా, పైకి చేరేసరికి మీలో సగం శక్తి ఇంకా మిగిలి ఉండాలి. మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగమే మీ వేగం. శిఖరానికి నూరు మీటర్ల దిగువన కాళ్లు సన్నగా వణుకుతుంటే అక్కడి నుంచే వెనుదిరగండి; నేనూ ఒకసారి అలా తిరిగి వచ్చాను, ఆ రోజు బాధపడ్డాను గానీ దానికి ఎన్నడూ పశ్చాత్తాపపడలేదు.

ప్రశ్న: మధ్యాహ్నం బయలుదేరి, శిఖరం మీద సూర్యాస్తమయం చూసి దిగాలని మా మిత్రబృందం కోరిక. ఇది మంచిదేనా?
— ఒక విద్యార్థి

జవాబు: మీకు తెలియని రాతి దారి అయితే వద్దు. సూర్యాస్తమయం చూశాక, అలసిన కాళ్లతో, చీకటిలో, అన్నిటికంటే కష్టమైన భాగాన్ని దిగవలసి వస్తుంది. పైగా వేడి రోజుల్లో కొండల మీద ఉరుముల మేఘాలు ఎక్కువగా మధ్యాహ్నం తరువాతే కమ్ముతాయి. ఉరుము వినబడిందంటే పిడుగు మీ దగ్గర కూడా పడవచ్చునని అర్థం; వెంటనే శిఖరాన్నీ గట్టునూ వదిలి కిందికి రావాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచేవరకూ మళ్లీ పైకి పోకూడదు. అదే దృశ్యాన్ని సూర్యోదయం తరువాతి వెలుగులో చూడండి. తెల్లవారుతుండగా బయలుదేరి, ఎన్ని గంటలకు ఎక్కడున్నా వెనుదిరగాలో ముందే అందరూ కలిసి నిర్ణయించుకోండి.

పగలే వెళ్తున్నా తలకు కట్టుకునే దీపం ఒకటి ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది, చెమటకు తడిసిన నూలు చొక్కా శిఖరపు గాలికి ఒళ్లు చల్లబరుస్తుంది. కాబట్టి పొడి చొక్కా ఒకటి, గాలి ఆపే పైవస్త్రం ఒకటి తీసుకువెళ్లండి. ఒక ఈల కూడా ఉంచుకోండి. ఆపదలో ఒక నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ అలాగే వేయాలి. చీకటిలో దీపంతోనూ ఇదే లెక్క. నిమిషానికి మూడుసార్లు జవాబు వినబడితే మీ పిలుపు ఎవరికో అందిందని అర్థం, అయినా వారు మీ దగ్గరికి చేరేవరకూ ఈల ఆపకండి.