మొహరు కొనే ముందు అంచు చూడు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఈస్టిండియా కంపెనీ కాలపు బంగారు నాణేలు సేకరించాలని ఉందని, ముందుగా 1841 మొహరు కొంటానని రాశావు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అయితే బయానా ఇచ్చే ముందు ఇది చదువు.

మొహరు బరువు 11.66 గ్రాములు, బంగారం 22 క్యారెట్లు. ఆ లెక్క ఏ కంసాలైనా చెబుతాడు. ఆపైన నువ్వు చెల్లించేదంతా నాణెం పైభాగం ఎంత చెడకుండా ఉందన్న దానికే. 1835 చట్టం వెండి రూపాయినే చెల్లుబాటు నాణెంగా నిలిపింది కాబట్టి, మొహరు బజారులో కన్నా పెట్టెల్లోనూ మెడల్లోనూ ఎక్కువగా బతికింది. మన ఇళ్లలో వాటికి కొక్కేలు అతికించి కాసులపేర్లలో గుచ్చారు, పెళ్లి వచ్చినప్పుడల్లా మెరుగు పెట్టించారు. అందుకే మొహరు దొరకడం ఒక ఎత్తు, టంకశాల మెరుపు చెరగని మొహరు దొరకడం మరో ఎత్తు.

చూసే పద్ధతి చెబుతాను. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వంచి తిప్పు. అసలు మెరుపైతే వెలుగు చక్రం ఆకుల్లా మధ్య నుంచి తిరుగుతుంది. విక్టోరియా రాణి చెంప దగ్గరో, వెనుకవైపు సింహం జూలు దగ్గరో ఆ వెలుగు తెగితే అరిగిందన్నమాట. అంతటా ఒకేలా తళతళలాడితే ఇంకా అనుమానించు, అది మెరుగు పెట్టిన నాణెం. తరవాత భూతద్దంతో అంచు చుట్టూ చూడు, ముఖ్యంగా తల పైభాగాన. కొక్కెం తీసిన చోట రంగు తేడాగా ఉంటుంది, అంచు గీతలు కలిసిపోతాయి. ఎంత బాగా పూడ్చినా అక్కడ దొరికిపోతుంది.

స్వచ్ఛత కోసం గీటురాయి మీద గీయనివ్వకు! నీళ్లలో వేలాడదీసి తూచు. సుమారు 0.66 గ్రాములు తగ్గాలి.

1835 రెండు మొహర్ల నాణెం అద్దంలా మెరుస్తూ కనిపిస్తే, అది టంకశాల తరవాతి కాలంలో మళ్లీ కొట్టిందా అని అడిగి రాతపూర్వకంగా తీసుకో. ధరలో తేడా చాలా ఉంటుంది.

నాణెం స్థితిని పరీక్షించి చీటీ ఇచ్చే గ్రేడింగ్ సంస్థలు వాడుక ఎరగని నాణేలకు 60 నుంచి 70 దాకా అంకె వేస్తాయి. శుభ్రం చేసినవాటికీ, నగ నుంచి తీసినవాటికీ అంకె ఇవ్వకుండా లోపం రాస్తాయి. చీటీ మీద ఆ మాట ఉంటే వదిలెయ్. అలాంటి పరీక్ష కోసం అమెరికాలోని సంస్థలకు పంపుదామనుకోకు. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించకూడదు. 1918లో బొంబాయిలో కొట్టిన 15 రూపాయల బంగారు నాణేనికి కూడా ఇప్పుడు వందేళ్లు నిండాయి. పొలంలో దొరికిందని ఎవరైనా తెస్తే ముట్టుకోకు, దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది.

నా మనసు మాత్రం మద్రాసు టంకశాల వారి రెండు వరహాల నాణెం మీదే. ఒకవైపు నక్షత్రాల మధ్య గోపురం, ఇంకోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళ అక్షరాలతో పాటు మన తెలుగు అక్షరాలు. గోపురం అంతస్తులు విడివిడిగా, అక్షరాలు పదునుగా ఉన్నది కనబడితే, మొహరు వాయిదా వేసుకునైనా తీసుకో.

ఇంటికి తెచ్చాక కుంకుడు రసం, చింతపండు దాని దరిదాపులకు రానివ్వకు. అంచులు పట్టుకునే ఎత్తు. మెత్తటి పీవీసీ కవర్లు వాడకు.

నీకు చూపిస్తున్న 1841 మొహరు ఫోటోలు పంపు. రెండు ముఖాలతో పాటు అంచు కూడా, పక్క నుంచి వెలుతురు పడేలా తీయించు. అవి చూసి రాస్తాను, అప్పటిదాకా డబ్బు ఇవ్వకు.

మీ పెదనాన్న